ఉప్పు చూడటం

ఆల్బర్ట్ సరస్సులో, నరంగ్ ఫెర్రీకి ఇవతల,
ఒక కొయ్య స్తంభం. దానికో ఇనప పెట్టె,
పెట్టె మీద పలకంత సోలార్ అద్దం,
అద్దం మీద పెలికన్ రెట్ట.
కింద, నీళ్ళలో, నా బొటనవేలంత సెన్సర్.
పావుగంటకోసారి అది నీటిని ఒకే మాట అడుగుతుంది:
ఈ కొస నుంచి ఆ కొసకి కరెంటు మోస్తావా?

ఉప్పు లేని నీళ్ళు మోయవు.
ఎంత శుద్ధమైతే అంత మూగవి.
ఉప్పు కలిసేకొద్దీ నోరు లేస్తుంది.
ఆ నోటిదురుసుకి మేం పెట్టుకున్న లెక్క పేరు ఈసీ.
ఇక్కడి పాలరైతులు ఒకరికొకరు ఎదురైతే
"ఇవాళ ఎంతట?" అంటారు,
పిల్లకి జ్వరం వచ్చిన ఇంటి ముందు ఆగినట్టు.

ఇంకో సంగతి. జూలై చలిలో
నీళ్ళు పదకొండు డిగ్రీల దగ్గర వణుకుతున్నా
మీటరు వాటిని ఇరవై ఐదు దగ్గర ఉన్నట్టే లెక్కగట్టి చెబుతుంది.
పోల్చాలంటే అన్ని నీళ్ళనీ
ఒకే ఎండలో నిలబెట్టాలి కదా.
న్యాయమే. కానీ ఆ ఎండ ఎక్కడా కాయదు.

ఆ ఏడు నది సముద్రం దాకా రాలేదు.
సరస్సు అంచు రోజూ కాస్త వెనక్కి నడిచింది,
నడిచిన చోట తెల్లగా పొక్కిన బురద.
అడిలైడ్ ఆఫీసులో, నా తెర మీద మాత్రం
గీత బుద్ధిగా కిందికి దిగుతోంది:
నాలుగువేల ఎనిమిదొందలు.
నాలుగువేల మూడొందలు.
మూడువేల తొమ్మిదొందలు.
"తియ్యబడుతోందే" అన్నాడు లాక్లన్, కాఫీ కప్పుతో నిలబడి.
నేనూ తలూపాను.
మంచి కబురుని ఎవరు గిల్లి చూస్తారు?

గ్లెనిస్ హార్క్‌నెస్ ఫోన్ ఒక మంగళవారం.
"ఆవులు తాగడం లేదు."
అంకె చెప్పాను.
"అది వాటికి చెప్పు" అంది. పెట్టేసింది.

నడుం దాకా రబ్బరు తొడుక్కుని దిగాను.
పైకి లాగితే సెన్సర్ కనపడదే!
సుద్దముద్ద ఒకటి. సన్నటి తెల్ల గొట్టాలు
ఒకదాన్నొకటి పెనవేసుకుని, గొట్టానికో పురుగు.
ఉప్పు తగిలితే గానీ బతకని జాతి.
ఆ వేసవిలో తాబేళ్ళ వీపుల మీదా ఇలాగే ఇళ్ళు కట్టాయి,
మోయలేక అవి రెల్లుగడ్డిలోనే ఆగిపోయేవి.
ఇక్కడ ఎలక్ట్రోడ్ల మధ్య సందులో దిగాయి.
దారి ఇరుకైంది. ఇరుకైనకొద్దీ అంకె తగ్గింది.
ఉప్పు పిలిస్తే వచ్చిన చుట్టాలు
ఉప్పు సంగతి బయటికి పొక్కకుండా
దాని గొంతులోనే కాపురం పెట్టాయి.

పాత పళ్ళ బ్రష్షు. సగం సీసా వెనిగర్. బుసబుస పొంగింది.
తెలిసిన ఉప్పున్న సీసాలో ముంచి సరిచూసి
మళ్ళీ సరస్సులోకి వదిలాను.
ఆరువేల నూట ఇరవై.

గట్టు మీద గ్లెనిస్, చేతులు కట్టుకుని.
ఆమె వెనక నలభై ఆవులు, నీటికి వీపు తిప్పి.
నేను వేలు ముంచి నాలుక మీద పెట్టుకున్నాను.
ఏం చేశావంది.
ఉప్పు చూశానన్నాను.
మా భాషలో రుచిని చూస్తాం, ఎందుకో తెలీదు.
"చూస్తే?" అంది.
నాకు తెలియలేదనే చెప్పాను.
ఆరువేలు నా నాలుకకి ఓ పెద్ద మాట కాదు.
దానికి రోజుకి నూరు లీటర్లు తాగే నాలుక కావాలి.

చెరపకూడదు, అది మా నియమం.
నలభై ఒక్క రోజులు, మూడువేల తొమ్మిదొందల ముప్ఫై ఆరు అంకెలు,
ఒక్కొక్కదాని పక్కన "అనుమానం" అని గుర్తు పెడుతూ పోయాను.
కారణం రాసే గడిలో ఒక్క మాటకే చోటు.
"పురుగులు" అని రాశాను.
ఆవులకి చోటు చాలలేదు.

సాయంత్రానికి ట్యాంకరు వచ్చింది.
గొట్టం తొట్టిలో పడకముందే తలలు అటు తిరిగాయి.
ఒకటే జుర్రు, చీకటి పడేదాకా.
ఆ నీళ్ళ ఈసీ ఎంతో
ఎవరూ కొలవలేదు.